బోనులోకి దిగిన కరాటే

పోరు విద్యల చరిత్ర – 12వ భాగం

1993 నవంబర్ 12 రాత్రి, అమెరికాలోని డెన్వర్ నగరం, మెక్‌నికల్స్ స్పోర్ట్స్ ఎరీనా. ఇనుప జాలీ కట్టిన ఎనిమిది మూలల బోనులో ఇద్దరు ఎదురుబొదురుగా నిలబడ్డారు. ఒకరు హవాయికి చెందిన టేలా టులి. జపాన్‌లో సుమో కుస్తీ ఆడి వచ్చినవాడు, 180 కిలోల పైచిలుకు మనిషి. ఇంకొకరు నెదర్లాండ్స్ నుంచి దిగిన జెరార్డ్ గోర్డో. ఆరడుగుల అయిదంగుళాల పొడవు, బరువు వంద కిలోలకు కాస్త తక్కువ. ప్రకటనల్లో అతని విద్య పేరు ఫ్రెంచివాళ్ల సవాత్ అని వేశారు కానీ, పునాది మాత్రం క్యోకుషిన్ కరాటే.

పోరు మొదలవగానే టులి తల వంచుకుని దూసుకొచ్చాడు. గోర్డో వెనక్కి వెనక్కి నడుస్తూనే పిడికిళ్లు విసిరాడు. కంచె దగ్గరికొచ్చేసరికి టులి తూలి కూలబడ్డాడు. మోకాళ్ల మీద ఉన్న మనిషి తల పైకెత్తేలోపే గోర్డో కుడికాలు గుండ్రంగా తిరిగొచ్చి నోటి మీద పడింది. ఒక పన్ను ఊడి వ్యాఖ్యాతలు కూర్చున్న వైపు ఎగిరిపోయింది. వెంటనే ఒక పిడిగుద్దు. రిఫరీ ఆపేశాడు. మొత్తం 26 సెకన్లు. ఆ గుద్దుకి గోర్డో చెయ్యి విరిగింది. టులి పంటి ముక్కలు అతని పాదంలో గుచ్చుకుని అక్కడే ఉండిపోయాయి. వాటితోనే ఆ రాత్రి ఇంకో రెండు పోరాటాలు చేశాడు.

అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్, అందరూ పిలిచే యూఎఫ్‌సీ, చరిత్రలో అదే మొట్టమొదటి పోరు. అంటే లెక్కప్రకారం బోనులో తొలి గెలుపు కరాటే నేర్చిన కాలిదే. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే ఆ రాత్రి గడిచేసరికి అందరి నోటా ఒకటే మాట: కరాటే పని అయిపోయింది.

గత వారం 1951 నాటి రియో డి జనీరోలో, మారకానా స్టేడియంలో ఆగాం. జపాన్ జూడో వీరుడు కిమురా మసహికో పట్టులో ఎలియో గ్రేసీ చెయ్యి విరగడం, అయినా ఎలియో ఓటమి ఒప్పుకోకపోతే అన్న కార్లోస్ తువ్వాలు విసరడం చూశాం. ఆ ఎలియో పెద్దకొడుకు రోరియన్ అమెరికా వెళ్లి స్థిరపడ్డాడు. ఆర్ట్ డేవీ అనే ప్రకటనల రంగం మనిషితో కలిసి ఈ డెన్వర్ పోటీ పెట్టిందీ అతనే. పైకి ప్రశ్న ఒకటే: ఏ విద్య గొప్పది? బాక్సరూ కరాటే వాడూ నిజంగా కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు? ‘ఎంటర్ ది డ్రాగన్’ చూసినవాళ్లూ, సుమన్, భానుచందర్ల ఫైట్లు చూసి కరాటే క్లాసుల్లో చేరినవాళ్లూ మన ఊళ్లలోనూ ఈ వాదన పెట్టుకున్నవాళ్లే. రోరియన్ మనసులో మాత్రం జవాబు ముందే సిద్ధంగా ఉంది.

కొలరాడోలో అప్పట్లో బాక్సింగ్ కమిషన్ లేదు కాబట్టి అడిగేవాళ్లు లేరు. బరువుల విభాగాలు లేవు. పాయింట్లు వేసే న్యాయనిర్ణేతలు లేరు. కొరకకూడదు, కళ్లు పొడవకూడదు. ఆ పని చేస్తే 1,500 డాలర్ల జరిమానా. అంతే, పోటీ నుంచి తీసేయరు. గెలిచినవాడికి 50,000 డాలర్లు.

ఇంట్లో అందరికంటే ఘటికుడు రిక్సన్ ఉండగా, రోరియన్ తమ్ముళ్లలో సన్నగా ఉండే రాయిస్‌ను ఎంచుకున్నాడు. కండలు తిరిగినవాడు గెలిస్తే కండలకే పేరొస్తుంది కదా. రాయిస్ బరువు 80 కిలోలు, ఒంటి మీద జూడో దుస్తులు. మొదట ఎదురైన బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్ ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు, రెండో చెయ్యి ఖాళీ. ఆ వింత అలంకారంతో ఒక్క గుద్దు కూడా సరిగా వేయకముందే కింద పడ్డాడు. ఛాతీ మీద కూర్చున్న మనిషిని ఏం చేయాలో తెలియక నేలను తట్టేశాడు. తర్వాత కెన్ షామ్‌రాక్ 57 సెకన్లలో. ఫైనల్లో మన పంటి ముక్కల గోర్డో. అతనితో రాయిస్ దెబ్బలాటకే దిగలేదు, కాళ్లు చేతులు పెనవేసి కిందికి లాగి, వీపెక్కి మెడ బిగించాడు. మూడు పోరాటాలూ కలిపితే ఐదు నిమిషాలు కూడా కాలేదు.

నాలుగు నెలల తర్వాత, 1994 మార్చిలో, అదే డెన్వర్‌లో రెండో పోటీ. ఈసారి జపాన్ నుంచి దైదో జుకు కరాటే నిపుణుడు ఇచిహారా మినోకి వచ్చాడు. రాయిస్ అతన్నీ పడేసి, దుస్తుల అంచుతో మెడ బిగించి ఓడించాడు. నింజుట్సు పేరు చెప్పుకుని బరిలోకి దిగిన స్కాట్ మారిస్‌ను పాట్రిక్ స్మిత్ మోచేతులతో అర నిమిషంలో చితకబాదాడు. అది చూడటానికి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

ఇంతకీ ఆ రాత్రుల్లో ఓడింది ఏమిటి? ‘కరాటే తన్ను పని చేయదు’ అని తీర్మానించినవాళ్లు గోర్డో కాలు చూడలేదు. దెబ్బ తగిలిన చోట అది బ్రహ్మాండంగా పని చేసింది. పని చేయనిది దెబ్బకి ముందూ వెనకా ఉన్న భాగం. తన్నడానికి దూరం కావాలి. ఎదుటివాడు వచ్చి నడుం పట్టుకుంటే ఆ దూరం పోతుంది. డోజోలో, అంటే కరాటే నేర్చే బడిలో, అయితే అక్కడ రిఫరీ ఆగమంటాడు, ఇద్దరినీ విడదీసి మళ్లీ మొదలుపెడతాడు. బోనులో విడదీసేవాడు లేడు. ఏళ్ల తరబడి ‘ఆగు’ అన్న చోట ఆగిపోయిన ఒంటికి ఆ తర్వాతి క్షణం ఎలా ఉంటుందో తెలియదు. గ్రేసీలకు తెలిసింది ఆ క్షణమే. వాళ్ల విద్య మొత్తం అక్కడే మొదలవుతుంది.

దీని మూలం తెలియాలంటే ఇంకో నూరేళ్లు వెనక్కి, టోక్యోకి వెళ్లాలి. 1882లో కానో జిగొరో అనే ఇరవై ఒక్కేళ్ల యువకుడు ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో తొమ్మిదిమంది శిష్యులతో కోడోకాన్ అనే జూడో బడి పెట్టాడు. అప్పటికి జపాన్‌లో జూజుట్సు శాఖలు బోలెడు. ఒక్కో శాఖలో ప్రాణాంతకమని చెప్పుకునే కిటుకులు, కళ్లలో పొడిచేవి, వేళ్లు విరిచేవి, మర్మాల మీద కొట్టేవి. గురువు చూపిస్తాడు, శిష్యుడు అనుకరిస్తాడు, ఎదుటివాడు మర్యాదగా పడిపోతాడు. కానో వాటిని కటాలోకి, అంటే ముందే కట్టిన కదలికల వరుసల్లోకి, నెట్టేశాడు. మిగిలిన విసుర్లు, అదుములు, మెడపట్లు, మోచేయి విరుపులు మాత్రం రాందోరిలో, అంటే ఎదుటివాడు ఒప్పుకోకుండా పూర్తి బలంతో తిరగబడుతుండగా, రోజూ చేయాల్సిందే అన్నాడు.

ఇందులో తమాషా ఏమిటంటే, ప్రమాదకరమైనవి పక్కన పెట్టిన విద్యే ప్రమాదకరంగా తయారైంది. కన్ను పొడిచే విద్యను వెయ్యిసార్లు గాలిలో చేసినవాడు ఒక్కసారి కూడా నిజంగా చేసి ఉండడు. మోచేయి విరుపును రోజుకు పదిసార్లు తిరగబడే మనిషి మీద పట్టినవాడికి ఏ క్షణంలో చెయ్యి దొరుకుతుందో, ఎప్పుడు జారిపోతుందో ఒంటికే తెలిసిపోతుంది. మొదటిది ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడం. ఎన్ని తరాల గురువులు చెప్పినా ఒడ్డు ఒడ్డే.

కానో కరాటే కథలోనూ ఉన్నాడు. 1922లో ఒకినావా దీవి నుంచి ఫునకోషి గిచిన్ అనే బడిపంతులు తమ దీవి విద్యను టోక్యోలో ప్రదర్శించడానికి వచ్చాడు. కానో అతన్ని కోడోకాన్‌కు పిలిపించి చేయించి చూశాడు, ఆదరించాడు. నేడు ప్రపంచమంతా కరాటే బట్టలుగా చూస్తున్న ఆ తెల్ల దుస్తులు, ఆ నల్ల బెల్టు కానో జూడో నుంచి తెచ్చుకున్నవే. బట్టలు తెచ్చుకున్నారు, బెల్టు తెచ్చుకున్నారు, రాందోరిని మాత్రం తెచ్చుకోలేదు. ఫునకోషికి విడి పోరాటమంటే గిట్టేది కాదు. కటాయే ప్రాణమనేవాడు. పోటీలు పెడదామని తహతహలాడింది విశ్వవిద్యాలయాల కుర్రాళ్లు. జపాన్ కరాటే అసోసియేషన్ తొలి జాతీయ పోటీ జరిగింది 1957లో, ఆ పెద్దాయన కన్నుమూసిన ఏడాదే.

పోటీ వచ్చింది గానీ దానికో షరతు ఉంది. దెబ్బ తగలకుండా చర్మం దగ్గర ఆపాలి. శుభ్రంగా పడిన ఒక్క దెబ్బతో ఆట ముగుస్తుంది. దీన్ని వెక్కిరించడం తేలిక, వెక్కిరించారు కూడా. ఒయామా మసుతత్సు స్థాపించిన క్యోకుషిన్ ఆ వెక్కిరింతలోంచే పుట్టిందనుకోవచ్చు. అక్కడ ఒట్టి పిడికిళ్లతో, పూర్తి బలంతో, పడిపోయేదాకా కొట్టుకుంటారు. కానీ వాళ్లూ ఒక చోట మినహాయింపు పెట్టుకున్నారు: ముఖం మీద గుద్దకూడదు. దాంతో చేతులు ఛాతీ దగ్గరే ఉంచే అలవాటు పడింది. దెబ్బ ఓర్చుకునే ఒళ్లు వచ్చింది, దవడ కాచుకునే చెయ్యి రాలేదు. ఏ శాఖ ఏ నియమం పెట్టుకుంటే ఆ నియమం ఆకారంలోనే దాని బలమూ, దాని కంతా ఏర్పడతాయి. బోను చేసింది ఆ కంతల మీద దీపం పెట్టడమే.

1993 తర్వాత పదిహేనేళ్లు కరాటే బోనులో లేదని కాదు. ఉంది, పేరు చెప్పుకోలేదు అంతే. నెదర్లాండ్స్ వాడు బాస్ రూటెన్, కెనడా వాడు జార్జ్ సాంపియే ఇద్దరూ క్యోకుషిన్ నుంచి వచ్చినవాళ్లే. సాంపియే ఏడేళ్ల వయసులో బడిలో ఏడిపించేవాళ్ల బాధ పడలేక కరాటేలో చేరాడు. ఛాంపియన్ అయ్యాక అందరూ అతని కుస్తీని మెచ్చుకున్నారు. కానీ అతను ఎదుటివాడి కాళ్ల మీదికి దూకే తీరు చూడండి. ఉన్నచోటి నుంచి ముందస్తు కదలిక ఏదీ లేకుండా ఒక్క అంగలో దూరం మింగేస్తాడు. అది కుస్తీవాడి అడుగు కాదు, కరాటేవాడి అడుగు.

పేరు చెప్పుకుని మరీ వచ్చినవాడి కోసం మళ్లీ బ్రెజిల్ వెళ్లాలి. అమెజాన్ నది సముద్రంలో కలిసే చోట బెలెం అనే రేవు పట్టణం ఉంది. ఈ ధారావాహిక చదువుతున్నవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. కానో శిష్యుడు మయేదా మిత్సుయో దేశదేశాలు తిరిగి చివరికి స్థిరపడి, కార్లోస్ గ్రేసీకి విద్య చెప్పి, 1941లో కన్నుమూసింది అక్కడే. అదే బెలెంలో కొన్ని దశాబ్దాల తర్వాత మరో జపాన్ మనిషి డోజో తెరిచాడు. అతని పేరు మచిదా యోషిజో, విద్య షోటోకాన్ కరాటే, అంటే ఫునకోషి పరంపర. గ్రేసీ జూజుట్సుకు విత్తనం పడిన ఊళ్లోనే దాని మీద కరాటే పరువు నిలబెట్టబోయే కుర్రాడు పెరిగాడు. కల్పించి రాస్తే నమ్మరు.

ఆ కుర్రాడు లియోటో మచిదా. మూడేళ్లకు కరాటే, పదమూడేళ్లకు నల్ల బెల్టు. తండ్రి కరాటేతో ఆపకుండా సుమోలోకీ దించాడు. ఊళ్లో జూజుట్సు ఉండనే ఉంది. ఇక్కడే కీలకమంతా ఉంది. సుమో నేర్చినవాణ్ని పట్టుకుని పడేయడం కష్టం, జూజుట్సు నేర్చినవాడు పడినా కంగారు పడడు. ఈ రెంటి కాపలాలో కరాటే తన పని తాను చేసుకోగలిగింది. ఈ కుటుంబానికి ఇంకో అలవాటు ఉంది. రోజూ పొద్దున్నే తమ మూత్రం తామే తాగుతారు. లియోటో ఆ మాట బయటపెడితే అమెరికా పత్రికలు నోరెళ్లబెట్టాయి. మొరార్జీ దేశాయ్‌ను ప్రధానిగా చూసిన మనకు అంత వింత ఏమీ అనిపించదు.

మచిదా ఆటలో మొదట కనిపించేది ఏమీ జరగకపోవడమే. కాళ్లు వెడల్పుగా, ఒళ్లు పక్కకు తిప్పి, చేతులు కిందకే. ఎదుటివాడు ఒక అడుగు ముందుకు వేస్తే ఇతను ఒక అడుగు వెనక్కి. జనం అరుస్తారు, విసుక్కుంటారు. విసుగు ఎదుటివాడికీ వస్తుంది, ఒకసారి అవసరానికి మించి ముందుకొస్తాడు. ఆ అడుగు నేల మీద ఆనకముందే మచిదా ఎడమ పిడికిలి దవడకి చేరుతుంది, మళ్లీ మనిషి అక్కడ ఉండడు. ఒక్క దెబ్బతో ముగిసే ఆ పాత డోజో ఆట గుర్తుందా, అందరూ వెక్కిరించినది? ఒక్క దెబ్బ తగిలితే ఓడిపోతాననే భయంతో పాతికేళ్లు ఆడినవాడికి దూరం కొలవడం అబ్బుతుంది. కొట్టడం, తిరిగి కొట్టించుకోకుండా బయటపడటం రెండూ ఒకే కదలికగా చేయడం అబ్బుతుంది. బాక్సింగ్ నేర్చినవాళ్లకు, ముయే థాయ్ నేర్చినవాళ్లకు ఆ దూరం అలవాటు లేదు. వాళ్లు నిలబడే చోటికి రెండడుగుల అవతలి నుంచి దెబ్బ వస్తోంది.

2009 మే 23న లాస్ వెగస్‌లో మచిదా అప్పటివరకూ ఓటమి ఎరగని రషాద్ ఎవాన్స్‌ను రెండో రౌండ్లో నాకౌట్ చేసి లైట్ హెవీవెయిట్ పట్టం గెలిచాడు. మైకు అందుకుని కరాటే తిరిగొచ్చిందని కేక పెట్టాడు. వ్యాఖ్యాతలు మచిదా శకం మొదలైందన్నారు.

ఆ శకం ఏడాది నిలవలేదు. ఇది చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. అక్టోబర్‌లో మౌరీసియో షోగున్ హువా ఎదురొచ్చాడు. అతను తల కోసం వెతకలేదు. మచిదా కాళ్లు వెడల్పుగా ఉంటాయి కదా, ముందుకాలి మీద భారం ఉంటుంది కదా, ఆ కాలినే, ఆ పక్కటెముకలనే ముయే థాయ్ పద్ధతిలో వాయించాడు. న్యాయనిర్ణేతలు మచిదాకే గెలుపు ఇచ్చారు. చూసినవాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు, నా ఓటూ షోగున్‌కే. 2010 మేలో మాంట్రియల్‌లో మళ్లీ తలపడితే మొదటి రౌండ్లోనే మచిదా నేలకొరిగాడు. షోటోకాన్ పోటీల్లో తొడ మీద తన్నితే పాయింటు రాదు. అందుకే ఆ తన్నుకు మందు ఆ విద్యలో తయారుకాలేదు. కంత ఎక్కడుందో నియమాల పుస్తకం ముందే చెప్పింది.

అయినా జనం మచిదాను తలుచుకునేది ఆ పట్టానికి కాదు, ఒక తన్నుకి. 2011 ఏప్రిల్ 30, టొరంటోలోని రోజర్స్ సెంటర్, 55,724 మంది జనం. ఎదుట ర్యాండీ కుటూర్, వయసు 47, అప్పటికే దిగ్గజం. రెండో రౌండు మొదలై నిమిషం దాటింది. మచిదా ఒక మోకాలు పైకి లేపాడు. కుటూర్ కళ్లు ఆ మోకాలి మీదికి వెళ్లాయి. అది ఎర. ఆ ఊపుతోనే గాలిలోకి లేచి రెండోకాలు నిలువునా విసిరాడు. అది పక్క నుంచి రాలేదు. మామూలుగా తల మీదికి వచ్చే తన్ను పక్క నుంచి వస్తుంది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే సగం ఆగుతుంది. ఇది కింది నుంచి, రెండు చేతుల మధ్య సందులోంచి వచ్చి గడ్డానికి తగిలింది. కుటూర్ అక్కడికక్కడే కూలాడు. మళ్లీ ఎప్పుడూ బరిలోకి దిగలేదు.

1984 నాటి ‘ది కరాటే కిడ్’ సినిమాలో కుర్రాడు కొంగలా నిలబడి ఎగిరి తన్నే తన్ను అదే. పాతికేళ్లపాటు అది సినిమా బూటకమని నవ్వినవాళ్లంతా ఆ రాత్రి నోరు మూసుకోవాల్సి వచ్చింది. మూడు నెలల ముందు, ఫిబ్రవరిలో, ఆండర్సన్ సిల్వా నేల మీద నుంచే అలాంటి ముందు తన్నుతో విటర్ బెల్ఫోర్ట్‌ను పడగొట్టాడు. ఈ రెండు తన్నులూ నేనే నేర్పానని హాలీవుడ్ నటుడు స్టీవెన్ సీగల్ చెప్పుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ కరాటే చూస్తూ పెరిగిన మచిదాకు అది ఆయన నేర్పాలా అన్నది వేరే ప్రశ్న. డోజోలో మొదటి వారం నేర్పే మయే గెరి, అంటే ముందు తన్ను, అది. అంత పాతది, అంత మామూలుది కాబట్టే బోనులో ఎవరూ దాన్ని ఎదురుచూడలేదు.

తక్కిన విద్యల సంగతి త్వరగా చూద్దాం. టైక్వాండోవి గిరగిర తిరిగే తన్నులు. 2010 డిసెంబర్‌లో ఆంథొనీ పెటిస్ అయిదో రౌండ్లో కంచె మీద కాలు మోపి ఎగిరి బెన్ హెండర్సన్ ముఖం మీద తన్నాడు. శిక్షణశాలలో కంచె ఉండదు కాబట్టి అది అచ్చంగా టైక్వాండో కాదు, టైక్వాండో నేర్చిన కాలు కొత్త ఇంట్లో కనిపెట్టుకున్న మెట్టు. జూడోకి బోనులో పెద్ద చిక్కు బట్టలే. పట్టుకోవడానికి కాలరూ లేదు, చేతి అంచూ లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జూడో కాంస్యం గెలిచిన రాండా రౌసీ ఆ చిక్కు విప్పింది. బట్ట బదులు మెడనీ చంకనీ పట్టుకుని తుంటి మీదుగా విసిరేది, పడీపడగానే మోచేయి విరుపు. 2015 ఫిబ్రవరిలో క్యాట్ జింగానోను 14 సెకన్లలో ముగించింది. అదే ఏడాది నవంబర్‌లో మెల్‌బోర్న్‌లో హాలీ హోమ్ దగ్గరికి రానివ్వకుండా తిప్పి తిప్పి, తల మీద ఒక్క తన్నుతో ఆమెను పడగొట్టింది. మచిదా షోగున్ దగ్గర నేర్చుకున్న పాఠమే ఇంకో భాషలో.

అసలు నిలబడలేనివి లేవా అంటే ఉన్నాయి. 2017 ఏప్రిల్‌లో చైనాలోని చెంగ్డూలో షూ షియావ్‌డోంగ్ అనే ఎంఎంఏ (అన్ని పోరు విద్యలూ కలిసిన బోను ఆట) శిక్షకుడు, వెయ్ లెయ్ అనే తాయ్ చి గురువుతో తలపడ్డాడు. అర నిమిషం కూడా పట్టలేదు. గురువు చేతులు చాచి నిలబడ్డాడు, షూ వెళ్లి మీద పడ్డాడు, అయిపోయింది. చైనా వుషు సంఘం ఓడినవాణ్ని కాక గెలిచినవాణ్ని మందలించింది. కానీ అదే చైనా సాందా అనే పోటీ విద్యను కూడా తయారుచేసింది. గుద్దు, తన్ను, విసురు మూడూ పూర్తి బలంతో. అక్కడి నుంచి వచ్చినవాళ్లు బోనులో దర్జాగా బతుకుతున్నారు. అదే దేశం, అవే పేర్లు. ఒకటి ఉద్యానవనంలో నిదానంగా సాగింది, ఇంకొకటి రోజూ దెబ్బలు తిన్నది.

నియమాలు రాసినవాళ్లు పాత విద్యలను ఎంత నమ్మారో చెప్పే ముచ్చట ఒకటుంది. ఎంఎంఏకు ఉమ్మడి నియమాలు 2000 ప్రాంతంలో తయారయ్యాయి. వాటిలో మోచేతిని నిట్టనిలువుగా పైనుంచి కిందికి దింపకూడదని ఒక నిషేధం పెట్టారు. పక్క నుంచి కొట్టొచ్చు, వాలుగా కొట్టొచ్చు, నిలువుగా మాత్రం వద్దు. ఆ చర్చల్లో ఉన్న రిఫరీ జాన్ మెకార్తీ దీని వెనక కారణం చాలాసార్లు చెప్పాడు: కమిషన్ అధికారులు టీవీలో కరాటేవాళ్లు మోచేతితో ఐసు దిమ్మెలు పగలగొట్టడం చూసి భయపడ్డారట. 2009లో జాన్ జోన్స్, మ్యాట్ హామిల్ మీద అలాంటి మోచేతి దెబ్బలు వేసి అనర్హుడయ్యాడు. అతని వృత్తి జీవితంలో నమోదైన ఓటమి అదొక్కటే. ఆ నిషేధాన్ని 2024 నవంబర్‌లో గానీ ఎత్తేయలేదు. ఇటుకలు పగలగొట్టే ప్రదర్శనలను పోరాటగాళ్లు నమ్మడం మానేసిన పాతికేళ్ల తర్వాత కూడా నియమాల పుస్తకం నమ్ముతూనే ఉందన్నమాట.

మరి మన సంగతి? 2022లో ‘లైగర్’ వచ్చినప్పుడు ఎంఎంఏ అన్న మాట తెలుగు ఊళ్లలో పోస్టర్లకెక్కింది, సినిమాతో పాటే దిగిపోయింది. అసలు కబురు 2024 జూన్ 8న వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా అమ్మాయి పూజా తోమర్, అమెరికాలోని లూయీవిల్‌లో రయాన్ దోస్ సాంతోస్ మీద గెలిచి, యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె మొదట జాతీయ స్థాయి వుషు ఛాంపియన్. అంటే చైనా తన పాత విద్యను దెబ్బలాటకు పెట్టి మలిచిన ఆ దారిలోంచే వచ్చింది. మన కర్రసాముకు బోనులో చోటు లేదు, ఆయుధం ఒప్పుకోరు కాబట్టి దానికి అక్కడ గెలుపూ లేదు, ఓటమీ లేదు. కుస్తీ సంగతి వేరు. తాలింఖానా మట్టిలో ఎవరూ మర్యాదగా పడిపోరు. కానో 1882లో గదిలోకి తెచ్చిన పద్ధతి మన పహిల్వాన్లకు అంతకుముందు నుంచే దినచర్య.

వచ్చే వారం ఆ మట్టిలోకే దిగుదాం: 1910లో లండన్‌లో గామా పహిల్వాన్ రెండున్నర గంటలు పట్టి కూర్చోబెట్టిన స్తనిస్లావ్ జ్బిస్కో, 1928లో పటియాలాలో నిమిషం లోపే చిత్తయిన కథ. ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. మీ ఊళ్లో పాత తాలింఖానా ఉండి ఉంటే, అక్కడి పహిల్వాన్ల ఫొటోలు, పోటీల కరపత్రాలు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే, ఏ ఊరో ఏ సంవత్సరమో వెనక రాసి పత్రిక చిరునామాకు పంపండి. కోస్తా, తెలంగాణ, రాయలసీమ తాలింఖానాల మీద ఈ ధారావాహికలో ఒక పూర్తి భాగం రాయాలని ఉంది.